ఎడమకాలికి సెలవు

మా ఇంటికి కారు వచ్చిన సంగతి చెప్పాలంటే ముందు నా కాలి సంగతి చెప్పాలి. పసితనంలో పోలియో వచ్చి నా ఎడమకాలు పడిపోయింది. క్యాలిపర్, అంటే ఇనుప కడ్డీలు బిగించిన బూటు, వేసుకుని నడుస్తాను. ఇంట్లో నడుస్తాను, బడిలో నడుస్తాను, చర్చిలో నడుస్తాను. అంతకు మించిన దూరమైతే ఎవరో ఒకరు నన్ను ఎక్కించుకుని తీసుకుపోవాలి. చిన్నప్పుడు నాయన భుజాలు, తర్వాత అన్న సైకిలు, పెళ్లయ్యాక మా ఆయన మోటారు సైకిలు. లెక్కల టీచరుగా ఉద్యోగం వచ్చాక మార్కాపురం నుంచి పెద్దారవీడు వైపు పోయే షేర్ ఆటోలు.

ఎక్కించుకుని పోయే మనిషి "ఎక్కడికి? ఎందుకు?" అని అడుగుతాడు. అడగడంలో తప్పేమీ లేదు. పెట్రోలు వాళ్లది, తీరిక వాళ్లది. కానీ ప్రతిసారీ జవాబు చెప్పుకోవాల్సింది నేను. అందుకని నా దగ్గర కారణాలు ఎప్పుడూ సిద్ధంగా ఉండేవి. టైలరు దగ్గర జాకెట్టు, బ్యాంకులో సంతకం, పంటి నొప్పి. ఆ పంటి నొప్పి ఉత్తదేనని మా ఆయనకు కూడా తెలుసు. తెలిసీ తీసుకుపోయేవాడు, అది వేరే సంగతి. కానీ "ఊరికే అట్ల తిరిగొద్దాం" అని నిజం చెబితే మాత్రం ఎవరికీ మింగుడు పడేది కాదు. ఆ కాలేసుకుని ఊరికే తిరగడం ఏమిటని మొహం పెట్టేవాళ్లు. నాకు ఒళ్లు మండేది.

నాకున్న కోరిక ఒక్కటే. ఒక్కసారి బండి నా చేతుల్లో ఉండాలి, పక్కన ఎవరూ ఉండకూడదు, నేను పోవాలి. పక్క చక్రాల స్కూటరు కొనుక్కుంటానంటే మా అత్త అడ్డం పడింది. కంకర రోడ్లలో పడితే ఉన్న కాలు కూడా పోతుందని ఏడుపు మొదలుపెట్టింది. ఇక కారంటే క్లచ్చు, క్లచ్చంటే ఎడమకాలు. కాబట్టి మా ఇంట్లో కారు ఊసే లేదు.

అవి రాష్ట్రం విడిపోయిన తొలి రోజులు. కొత్త రాష్ట్రానికి రాజధాని ఎక్కడో ఇంకా తేలలేదు. మా పక్కనున్న దొనకొండకే వస్తుందని మార్కాపురం ఆటో స్టాండులో ప్రతి ఒక్కరూ తమకు మాత్రమే తెలిసిన రహస్యంలా చెప్పేవాళ్లు. మా ఆయన పలకల ఫ్యాక్టరీలో లోడు వ్యాను నడుపుతాడు. ఊళ్లో పుట్టిన ప్రతి కబురూ సాయంత్రానికి ఆ వ్యానులో మా ఇంటికి చేరేది.

"రాజధాని దొనకొండకొస్తే మన ఇంటి ముందర కార్లే కార్లంట. రోడ్డు దాటేదానికే అర్ధగంట పడ్తాదంట," అన్నాడు ఒకరోజు అన్నం తింటూ.

"అయితే మనమూ ఒకటి కొందాం," అన్నాను.

ఆయన నవ్వాడు. నేను నవ్వలేదు. ఎందుకంటే అంతకు ముందే మా స్టాఫ్ రూములో తెలుగు మాస్టారు పేపరులో ఒక ప్రకటన చూపించి ఉన్నారు. క్లచ్చు లేని కారట. గేర్లు అదే మార్చుకుంటుందట. అలాంటి సోకులు గొప్పవాళ్ల పెద్ద కార్లకే ఉంటాయని అంతవరకూ విన్నాను. ఇది చిన్న కారు, మాలాంటి వాళ్లు కొనుక్కోగలిగిన కారు. నేను ఆ పేపరు మడిచి బ్యాగులో పెట్టుకుని, మా ఆయన ఒప్పుకునేదాకా రోజూ అన్నంతో పాటు అదే వడ్డించాను.

రాజధాని దొనకొండకు రాలేదు. కారు మాత్రం మా ఇంటికి వచ్చింది.

ఒంగోలు షోరూములో కారు చూపించిన అమ్మాయి నన్ను డ్రైవరు సీట్లో కూర్చోబెట్టింది. కింద రెండే పెడళ్లు. ఒకటి బ్రేకు, ఒకటి యాక్సిలరేటరు. బ్రేకు పెడలు మామూలు కార్లలో కంటే వెడల్పుగా ఉంది. "రెండూ కుడికాలితోనే మేడం. ఎడమకాలికి ఇందులో పనే లేదు. దాన్ని మర్చిపోండి," అంది. నేను పెద్దగా నవ్వేశాను. షోరూములో అందరూ తిరిగి చూశారు. నన్ను చూసిన ప్రతివాళ్లూ ముందుగా చూసేది ఆ కాలినే. దాన్ని మర్చిపొమ్మన్న మొదటి మనిషి ఆ అమ్మాయి. నాకు ఆమెను ముద్దు పెట్టుకోవాలనిపించింది.

కారు ఇంటికి వచ్చిన రోజు మా చర్చి అయ్యగారు వచ్చి బానెట్ మీద చెయ్యి పెట్టి ప్రార్థన మొదలుపెట్టారు. మా అయ్యగారి ప్రార్థన చిన్నది కాదు. ఇంజనుతో మొదలుపెట్టి, నాలుగు చక్రాలు, ఎదురొచ్చే లారీలు, వాటి డ్రైవర్లు, ఆ డ్రైవర్ల నిద్ర దాకా అన్నిటినీ దేవుడికి అప్పజెప్పారు. మేమంతా కళ్లు మూసుకుని ఉంటే ఎదురింటి అక్క వచ్చి చక్రాల ముందు నిమ్మకాయలు పెట్టి, ఏమీ ఎరగనట్టు వెనక్కి పోయి నిలబడింది. మా అత్త కళ్లు మూసుకునే చూసే మనిషి. ఆమెన్ అనగానే, "ఏందమ్మా ఆ నిమ్మకాయలు?" అని అడిగింది.

"ఉండనియ్యి పెద్దమ్మా. మీ ప్రార్థన మీది, నా తృప్తి నాది," అంది అక్క. అయ్యగారు నవ్వి ఊరుకున్నారు. అయ్యగారే ఊరుకున్నాక మా అత్త ఏమంటుంది?

మా ఆయన హుందాగా కారెక్కాడు. వీధంతా చూస్తోంది. బ్రేకు మీద కాలు పెట్టి, తాళం తిప్పి, గేరు కడ్డీని డ్రైవ్‌లోకి జరిపాడు. ఆటోమేటిక్ కారుకు ఒక గుణం ఉంది. డ్రైవ్‌లో ఉన్నప్పుడు బ్రేకు మీద కాలు తీస్తే చాలు, యాక్సిలరేటరు తొక్కకుండానే మెల్లగా పాకుతుంది. షోరూము అమ్మాయి ఆ ముక్క రెండుసార్లు చెప్పింది. మా ఆయన ఆ టైములో ఏ రంగు కారు తీసుకోవాలా అని రంగుల కాగితం చూస్తున్నాడు. ఇప్పుడు కిటికీలోంచి తల బయటపెట్టి జనానికి కారు గొప్పతనం చెబుతూ కాలు తీసేశాడు. కారు తనంతట తనే కదిలింది. నిమ్మకాయలు టప్పుమని పగిలాయి.

"స్తోత్రం! ప్రార్థనకే కదిలింది సూడండి!" అని మా అత్త రెండు చేతులూ ఎత్తింది.

అనుకోకుండా కారు కదిలేసరికి మా ఆయన బెదిరి, అలవాటు ప్రకారం ఎడమకాలితో క్లచ్చు తొక్కాడు. అక్కడ క్లచ్చు లేదు కదా, వెడల్పాటి బ్రేకు ఉంది. క్లచ్చును అడుగుదాకా తొక్కినట్టు బ్రేకును తొక్కితే ఏమవుతుంది? కారు గుద్దుకున్నట్టు ఆగింది. అయ్యగారు బానెట్ మీద పెట్టి మరిచిన పాటల పుస్తకం ఎగిరి పోయి ఎదురింటి అక్క కాళ్ల దగ్గర పడింది. ఆమె దాన్ని కళ్లకద్దుకుని తెచ్చి ఇచ్చింది.

అక్కడితో మొదలైంది. మా ఆయన ఎడమకాలు పదిహేనేళ్లుగా లోడు వ్యాను క్లచ్చు మీద పని నేర్చిన కాలు. పలకల లోడుతో పోయేటప్పుడు ఒక్క కుదుపు వచ్చినా కట్టల్లో పలకలు పగులుతాయి. ఆయన వ్యానులో పలక పగిలిందని ఫ్యాక్టరీలో ఎవరూ ఎప్పుడూ అనలేదు. అంత నేర్పున్న కాలు ఈ కారులో మాత్రం పగబట్టినట్టు ప్రవర్తించేది. గేరు మారే టైమైందని ఆ కాలికి ఎక్కడో అనిపిస్తుంది. వెంటనే లేచి పోయి బ్రేకు మీద పడుతుంది. పగలంతా వ్యాను, సాయంత్రం కారు. ఇక ఆ కాలు మాత్రం ఏం చేస్తుంది పాపం?

కారు నా కోసమే కొన్నామని ఊరందరికీ చెప్పాడు. తాళం చెవి మాత్రం ఆయన జేబులోనే ఉండేది. కారు ఇంటి ముందు టార్పాలిన్ కప్పుకుని పడుకునేది, నేను షేర్ ఆటోలో బడికి పోయేదాన్ని. "ముందు నేర్చుకోవాల గదా," అనేవాడు. సరే, నేర్పమన్నాను. సాయంత్రాలు కాలేజీ గ్రౌండుకు తీసుకుపోయేవాడు.

మొదటిసారి బ్రేకు మీద నుంచి కాలు తీసినప్పుడు కారు నన్ను మోసుకుని కదిలింది. ఎవరూ తొయ్యలేదు, ఎవరూ ఎక్కించుకోలేదు. నా మొహం మా ఆయనకు కనపడకూడదని పక్కకు తిరిగితే, "ముందుకు సూడు ముందుకు!" అని అరిచాడు.

నేర్చుకోవడం నాకు పెద్ద కష్టం కాలేదు. మరిచిపోవాల్సిన అలవాటు ఏదీ లేదు నాకు. నా ఎడమకాలు బుద్ధిగా మూల కూర్చునేది. ఈ కారులో అంతకంటే మంచి కాలు ఇంకొకటి ఉండదు. ఇక గేర్ల సంగతి. గేరు మార్చే ముందు ఆ కారు ఒక్క క్షణం ఆగుతుంది. ఎక్కం అడిగితే పిల్లలు పైకప్పు వైపు చూస్తారే, అట్లా. ఆ క్షణంలో మా ఆయన ఓపిక పట్టలేక యాక్సిలరేటరు ఇంకా గట్టిగా తొక్కేవాడు. కారు ఎగిరి దూకేది. నేను ఇన్నేళ్లుగా పిల్లల జవాబుల కోసం ఆగిన మనిషిని. ఆ క్షణం వచ్చినప్పుడు కాలు కాస్త తేలిక చేసి ఆగేదాన్ని. కారు తీరిగ్గా తన గేరు తాను వేసుకుని మెత్తగా ముందుకు పోయేది. పక్క సీట్లో మా ఆయన ఎడమకాలు మాత్రం ఉత్త నేలను తొక్కుతూనే ఉండేది. "ఆడ ఏమీ లేదు," అని నేననేదాన్ని. "తెల్సు లేవే," అనేవాడు, మళ్లీ తొక్కేవాడు.

లైసెన్సు పరీక్షనాడు ఇన్‌స్పెక్టరు గారు నా బూటు చూశారు, కారులో పెడళ్లు చూశారు, "ఎక్కండి మేడం," అన్నారు. ఎనిమిది అంకె వేసి చూపించాను. అంకెలు నాకు కొత్తా? ఆయన తృప్తిగా తల ఊపారు. లైసెన్సు చేతికొచ్చాక ఇంటికి పోయి తాళం చెవి అడిగాను.

"ఇంకొన్నాళ్లు పోనీ. రోడ్డు మీద లారీలు తిరగతన్నాయి," అన్నాడు మా ఆయన.

"లారీలు ఇంకొన్నాళ్లు పోతే తిరగవా?"

"అమ్మాయ్, కాలు బాగలేని మనిషివి. పక్కన మొగోడుంటే ధైర్యం," అంది మా అత్త.

ఆ పూట నేను అన్నం గిన్నెలు కింద పెట్టిన చప్పుడు ఎదురింటికి వినపడి ఉంటుంది. లైసెన్సు ఇచ్చిన ఇన్‌స్పెక్టరుకు కనపడని లోపం మీకు ఎట్ల కనపడింది అని ఇద్దరినీ దులిపేశాను. ఇద్దరూ తల వంచుకుని తిన్నారు. తాళం చెవి మాత్రం జేబులోంచి రాలేదు.

ఆ తర్వాత కొద్దిరోజులకు గిద్దలూరులో మా ఆయన చిన్నాన్న కూతురి పెళ్లి వచ్చింది. కొత్త కారులో పోకపోతే కారు కొని ఏం లాభమని మా అత్తే పట్టుబట్టింది. అయితే ఆమెకు కారన్నా బస్సన్నా కడుపులో తిప్పుతుంది. వాసన చూడటానికి నిమ్మకాయ, తాగడానికి ఒక క్యాను నిండా మజ్జిగ, ఏమైనా అయితే ఉంటాయని కవర్లు, అన్నీ పెట్టుకుని పట్టుచీరలో వెనక సీట్లో కూర్చుంది. నేను ముందు, మా ఆయన స్టీరింగు దగ్గర.

తర్లుపాడులో స్పీడు బ్రేకరు దగ్గర మొదటిసారి ఆయన ఎడమకాలు లేచింది. మా అత్త తల ముందు సీటుకు కొట్టుకుంది. "ఏమిరా అది?" అంది. "కొత్త బండి మా, అట్లనే ఉంటాది," అన్నాడు. నేను కిటికీలోంచి బయటికి చూస్తూ పెదవి కొరుక్కున్నాను.

కంభం ఇంకాస్త దూరం ఉందనగా రోడ్డుకు అడ్డంగా గొర్రెల మంద వచ్చింది. మంద దూరంగానే ఉంది, కావాల్సినంత టైముంది. వ్యాను అయితే ఆయన గేరు తగ్గించి అలవోకగా ఆపేవాడు. ఇక్కడా ఆయన చెయ్యి గేరు మీదికి పోయింది, కాలు క్లచ్చు కోసం పోయింది. కారు ఉన్నచోటే కూలబడినట్టు ఆగింది. వెనక నుంచి "యేసయ్యా!" అనే కేక, దాని వెంటే మజ్జిగ క్యాను మూత ఊడిన చప్పుడు. తిరిగి చూస్తే మా అత్త పట్టుచీర, జడ, కళ్లద్దాలు అన్నీ మజ్జిగే. గడ్డం మీద ఒక కరివేపాకు.

మంద కాసే ఆయన కర్ర భుజాన వేసుకుని కిటికీ దగ్గరికి వచ్చాడు. "ఏందన్నా, గొర్రెలే బెదరకుండా పోతన్నాయి, నువ్వెందుకు అట్ల బెదిరినావు?" అన్నాడు. అప్పటిదాకా ఆపుకున్న నవ్వు ఇక నా వల్ల కాలేదు. కడుపు పట్టుకుని నవ్వాను. మా అత్త కళ్లద్దాలు తీసి కొంగుతో తుడుచుకుని, ఎంతో శాంతంగా అంది.

"ఒరేయ్, నువ్వు దిగు."

"మా, ఏదో పొరపాటున..."

"దిగమన్నానా? వ్యాను దగ్గర నీ అంతోడు లేడు, నేను కాదన్ల్యా. ఈ బండికి నీ కాలు పనికిరాదు. అమ్మాయ్, నువ్వు తోలు."

మా ఆయన నా వైపు చూశాడు. ఆ మొహంలో సిగ్గు ఉంది, ఉక్రోషం ఉంది, కొంచెం నవ్వు కూడా ఉంది. దిగి, తిరిగొచ్చి, నా వైపు తలుపు తీసి చెయ్యి అందించాడు. నేను స్టీరింగు ముందు కూర్చున్నాను. ఆయన వెనక మజ్జిగలో కూర్చున్నాడు. మా అత్త ముందు సీటుకు మారి, నిమ్మకాయ ముక్కుకు పెట్టుకుని, కళ్లు మూసుకుని ప్రార్థన మొదలుపెట్టింది. అది నా మీద నమ్మకమో భయమో నేను అడగలేదు.

కంభం దాటాక రోడ్డు సాపుగా దొరికింది. కుడివైపు నల్లమల కొండలు మాతో పాటే వస్తున్నాయి. చేలల్లో కంది పూత పసుపుగా ఉంది. నేను కిటికీ అద్దం దించాను. ఎదురుగా లారీ వస్తే పక్కకు ఇచ్చాను, ట్రాక్టరు అడ్డమొస్తే దాని వెనకే ఓపికగా పోయి చోటు చూసి దాటాను. దాటేటప్పుడు కారు కాస్త ఆలోచించి, ఒక గేరు తగ్గించుకుని, గట్టిగా మూలిగి ఊపందుకుంది. పెద్ద బలమున్న బండి కాదు. కొండలు పిండి చేస్తానని అది ఎవరికీ మాటివ్వలేదు. తొందర పెట్టకుండా అడిగితే అడిగినంతా ఇస్తుంది. నాకు అది చాలు.

గిద్దలూరు రైలు గేటు దగ్గర ఎత్తు మీద బండ్లన్నీ ఆగాయి. ఎత్తులో బ్రేకు వదిలితే కారు కొద్దిగా వెనక్కి జారుతుంది. నాకున్నది ఒక్క కాలు. బ్రేకు నుంచి యాక్సిలరేటరుకు అది మారేలోపు కారు జారకుండా పట్టుకోవాలి.

"హ్యాండ్ బ్రేకు, హ్యాండ్ బ్రేకు," అన్నాడు వెనక నుంచి మా ఆయన.

"ఎప్పుడో ఏసినా," అన్నాను.

గేటు ఎత్తారు. యాక్సిలరేటరు మెల్లగా తొక్కి, కారు ముందుకు లాగుతోందని తెలిశాక హ్యాండ్ బ్రేకు వదిలాను. ఒక్క జానెడు కూడా వెనక్కి పోలేదు. వెనక సీట్లోంచి "బాగ తోల్తన్నావు," అని మెల్లగా వినపడింది. నేర్పుగా వ్యాను నడిపే మనిషి చెప్పిన మాట అది. నాకు ఊరికే వచ్చిన మెప్పు కాదని తెలుసు, లోపల పొంగిపోయాను. పక్కకు చూస్తే మా అత్త నోరు తెరుచుకుని నిద్రపోతోంది. నిమ్మకాయ ఒళ్లోకి జారిపోయింది. బండెక్కితే వాంతి తప్ప ఇంకోటి తెలియని మనిషి ఆమె.

పెళ్లింట్లో ఆమె చీర మీద మజ్జిగ మరకలు చూసి అందరూ అడిగారు. మరకల సంగతి ఒక్క మాటలో తేల్చేసి, "మా కోడలు తోలుకొచ్చింది. కడుపులో నీళ్లు కదల్ల్యా," అని పందిరంతా తిరిగి చెప్పింది. ఆడవాళ్లు గుంపుగా వచ్చి కారు తలుపు తీసి పెడళ్లు చూశారు. "రెండేనా?" అని ఒకామె, "అయితే నేనూ తోలొచ్చు," అని ఇంకొకామె. తిరుగు ప్రయాణంలో తాళం చెవి నా చేతిలోనే ఉండిపోయింది. ఎవరూ ఇవ్వలేదు, ఎవరూ అడగలేదు.

ఇక నా కోరిక తీరినట్టేనని మీరనుకుంటారు. నేనూ అనుకున్నాను. కానీ గిద్దలూరు నుంచి వచ్చాక మా అత్తకు కారు రుచి తెలిసింది. నేను తాళం చెవి తీసిన చప్పుడు వినపడితే చాలు, చెప్పులేసుకుని ముందు సీట్లో కూర్చునేది. బడికి పోతుంటే వచ్చి, నేను పాఠం చెప్పినంతసేపూ మా బడి ఆయాతో కబుర్లు చెప్పి, సాయంత్రం నాతో తిరిగొచ్చేది. కూరగాయలకు, చర్చికి, బ్యాంకుకు, అన్నిటికీ ఆమే. "పక్కన మనిషుండాల," అనేది. పక్కన మొగోడుండాలన్న ఆమె మాట ఇప్పుడు ఇట్లా మారింది. ఆమె పక్కనుంటే నాకు సంతోషమే. ప్రతి మలుపులో ఎదురొచ్చే బండి వివరం చెబుతుంది, నవ్విస్తుంది. కానీ నేను ఒక్కదాన్నే పోవాలన్నది అట్లాగే మిగిలిపోయింది.

ఒక సెలవు రోజు మధ్యాహ్నం. అన్నాలు అయ్యాయి. మా ఆయన మంచం మీద ఒరిగాడు. చిన్న జల్లు పడి వెలిసింది, మట్టి వాసన వస్తోంది. నేను తాళం చెవి తీసుకున్నాను. మా అత్త వెంటనే లేచి చెప్పుల కోసం చూసింది.

"యాడికి అమ్మాయ్?"

నాకు అలవాటైన కారణాలన్నీ నోటి దాకా వచ్చాయి. టైలరు, మందుల షాపు, జిరాక్సు. ఏదో ఒకటి అనేస్తే సరిపోయేది. ఎందుకో ఆ పూట అనబుద్ధి కాలేదు.

"యాడికీ లేదత్తా. ఊరికే. ఒక్కదాన్నే."

మా ఆయన తల ఎత్తి చూశాడు. మా అత్త ఒక చెప్పు వేసుకుని రెండోది చేతిలో పట్టుకుని ఆగిపోయింది. కోపం వచ్చిందేమో అనుకున్నాను. ఆమె అరుగు మీద కూర్చుంది. నన్ను కాదు, వాకిట్లో ఉన్న కారును చూస్తూ అంది.

"నేను పుట్టినకాడి నుంచి పని లేకుండా యాడికన్నా పోయినానా అని ఆలోచన చేస్తన్నా. కూలికి పోయినా, కట్టెలకు పోయినా, నీళ్లకు పోయినా. చర్చికి పోయేది కూడా దేవుడితో పనుండే గదా. ఊరికే మాత్రం ఎప్పుడూ పోల్యా."

ఆమె నోట అట్లాంటి మాట నేను ఎన్నడూ వినలేదు. ఇన్నేళ్లూ కారణాలు చెప్పుకుంటూ బతికింది నేనొక్కదాన్నే అనుకున్నాను, నా కాలు వల్లే అనుకున్నాను. రెండు కాళ్లూ బాగున్న మనిషి నా ఎదురుగా కూర్చుని అదే మాట చెబుతోంది. నా కళ్లల్లో నీళ్లు తిరిగాయి.

"నువ్వూ రా అత్తా. ఇద్దరం ఊరికే పోదాం."

"నాకు ఇంకో పూట సూపిద్దువులే. ఈ పూట నువ్వొక్కదానివే పో," అని వేసుకున్న చెప్పు కూడా విడిచేసింది.

పెద్దారవీడు రోడ్డు ఎక్కాను. పక్క సీటు ఖాళీ. ఎదురొచ్చే బండి గురించి చెప్పేవాళ్లు లేరు, నేలను తొక్కే కాలు లేదు. తడి రోడ్డు మీద టైర్ల చప్పుడు తప్ప ఇంకేమీ లేదు. కారు తన గేర్లు తాను మార్చుకుంటోంది. నాకు తెలియకుండానే పాట ఎత్తుకున్నాను. శ్రుతి ఎట్లా ఉందో చెప్పేవాళ్లు కూడా లేరు కాబట్టి గొంతెత్తి పాడాను. దారిలో ఇంతకు ముందు రోజూ నన్ను బడికి తీసుకుపోయిన ఆటో ఆయన ఎదురై హారన్ కొట్టాడు. చెయ్యి ఊపాను. మా బడి వచ్చింది, గేటుకు తాళం వేసి ఉంది. దాన్ని దాటి ముందుకు పోయాను. అంతవరకూ ఆ బడి దాటి ఆ రోడ్డు ఎట్లా ఉంటుందో నేను చూడలేదు. ఇన్నేళ్ల ఉద్యోగంలో అక్కడికే నా పని అయిపోయేది.

కొంత దూరం పోయాక రోడ్డు పక్కన కారు ఆపి కిందికి దిగాను. ఎడమవైపు మిరప చేలు, దూరంగా కొండల మీద మబ్బు. ఎవరూ లేరు. కారుకు ఆనుకుని చాలాసేపు నిలబడ్డాను. అప్పుడు ఫోను మోగింది. మా ఆయన.

"యాడున్నావు?"

చుట్టూ చూశాను. ఊరి బోర్డు లేదు, కిలోమీటరు రాయి లేదు.

"తెలీదు," అన్నాను. నాకు నవ్వొచ్చింది. తప్పిపోవడానికి కూడా ఎవరో ఒకరు తీసుకుపోవాల్సిన మనిషిని నేను. ఇప్పుడు సొంతంగా తప్పిపోయాను.

ఎప్పుడూ అడిగే రెండో ప్రశ్న, "ఎందుకు?" అన్నది, వస్తుందని ఎదురు చూశాను. రాలేదు.

"సరే, బాగ తిరిగి రా," అన్నాడు.

ఫోను బ్యాగులో పెట్టి, కారెక్కి, ఇంకా ముందుకే పోయాను.